కేటలాగు చదువును వదులుకోవద్దు, దానికి పైథాన్‌ను జోడించండి

ప్రశ్న: ఎంఎల్‌ఐఎస్సీ (గ్రంథాలయ శాస్త్రంలో పీజీ) చదువుతున్నాను. పైథాన్ కొంత వచ్చు. ఏఐ ఏజెంట్లు (మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాములు) గ్రంథాలయ కేటలాగుల నుంచి పుస్తకాల వివరాలు తెచ్చుకోవడానికి ఉపయోగపడే సాఫ్ట్‌వేర్‌ను ప్రాజెక్టుగా చేయాలని ఉంది. మా అన్నయ్య మాత్రం ‘కేటలాగింగ్ ఇక ఏఐ చేసేస్తుంది, ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్ల తయారీ) కోర్సులో చేరు’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ప్రాజెక్టు చేయండి. మీ అన్నయ్య మీ మేలు కోరే అలా అంటున్నారు, కానీ ఆయన ఒక విషయం గమనించలేదు. ఏఐ తరచూ తడబడే చోట్లలో పుస్తకాల వివరాలు ఒకటి. ఏదైనా అంశంపై పుస్తకాలు చెప్పమంటే, నిజమైన రచయిత పేరు కింద లేని పుస్తకాన్ని చూపిస్తుంది. పుస్తకాన్ని గుర్తించే సంఖ్య ఐఎస్‌బీఎన్ కూడా కల్పించి ఇస్తుంది. అసలైన కేటలాగులో వెతికి చెప్పేలా చేస్తేనే ఇది తగ్గుతుంది. ఆ కేటలాగు లోపల ఏముంటుందో తెలిసిన ప్రోగ్రామర్లు తక్కువ. మీకు అది తెలుసు.

కేటలాగు వివరాలను కంప్యూటర్ చదివేలా రాసే పద్ధతి పేరు మార్క్ (MARC). మీరు పరీక్ష కోసం గుర్తుపెట్టుకున్న ఆ మార్క్ అంకెలనే తీసుకోండి. రచయితకు 100, శీర్షికకు 245, విషయానికి 650. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఈ పద్ధతికి రూపమిచ్చిన హెన్రియెట్ అవ్రమ్ లైబ్రేరియన్‌గా శిక్షణ పొందినవారు కారు, ప్రోగ్రామర్. ఆమె కంప్యూటర్ నుంచి గ్రంథాలయం వైపు వచ్చారు. మీరు గ్రంథాలయం నుంచి కంప్యూటర్ వైపు వెళ్తున్నారు. ఆమె గురించి తప్పక చదవండి.

ఇక పని విషయం. పెద్ద గ్రంథాలయాల్లో చాలావాటి కేటలాగులను ఎస్‌ఆర్‌యూ, జడ్39.50 అనే ప్రోటోకాల్స్ (కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడిగే పద్ధతులు) ద్వారా ప్రశ్నించవచ్చు. ఏజెంటు అడిగిన ప్రశ్నను మీ ప్రోగ్రాము ఎస్‌ఆర్‌యూ ప్రశ్నగా మార్చి పంపాలి. పుస్తకం వివరాలతో ఎక్స్‌ఎంఎల్ రూపంలో తిరిగి వచ్చే రికార్డును విప్పడానికి పైమార్క్ అనే పైథాన్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) ఉంది. రికార్డు మొత్తాన్ని ఏజెంటుకు ఇవ్వవద్దు. కావలసిన నాలుగైదు వివరాలు, రికార్డు సంఖ్య, ఏ గ్రంథాలయం నుంచి వచ్చిందన్న సమాచారం ఇస్తే చాలు. ఏజెంటుతో కలపడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను వాడుకోవచ్చు. ప్రయోగాల కోసం మీ సొంత కంప్యూటర్‌లోనే కోహా పెట్టుకోండి. న్యూజిలాండ్‌లో పుట్టి, 2000 నుంచి వాడుకలో ఉన్న ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ అది. ఎన్నిసార్లు ప్రశ్నించినా ఎవరి సర్వరుకూ భారం కాదు.

ఇంతవరకు కొంచెం ఓపిక ఉన్న ఏ ప్రోగ్రామరైనా చేయగలరు. అసలు చిక్కు తెలుగు పుస్తకాల దగ్గర మొదలవుతుంది, మీ ప్రాజెక్టును అక్కడే నిలబెట్టమని నా కోరిక. విదేశీ కేటలాగుల్లో మన పుస్తకాల పేర్లు ఎక్కువగా రోమన్ లిపిలో, అక్షరాలకు పైనా కిందా గుర్తులతో ఉంటాయి. తెలుగు లిపి ఇచ్చినచోట అది మార్క్ 880 అంకె కింద ఉంటుంది. ‘గురజాడ’ను ఇంగ్లీషులో ఒకరు జె అక్షరంతో, మరొకరు జడ్‌తో రాస్తారు. ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా అన్నది ఒక్కోచోట ఒక్కో తీరు. పాత ముద్రణలో ‘చరిత్రము’ అని ఉంటే పాఠకుడు ‘చరిత్ర’ అని వెతుకుతాడు. అరసున్నల సంగతి సరేసరి. ఇవేవీ పట్టించుకోని పరికరం ఒక్కసారి వెతికి, ఏమీ దొరకలేదని చెబుతుంది. ఏజెంటు దాన్ని ‘అలాంటి పుస్తకమే లేదు’ అని వినియోగదారుకు చేరవేస్తుంది. ఎవరో ఏళ్లపాటు కష్టపడి రాసిన పుస్తకం అలా లేనిదైపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అందుకే మీ ప్రోగ్రాము ఒక పేరును మూడు నాలుగు రూపాల్లో వెతకాలి. ఫలానా కేటలాగులో, ఫలానా రూపాల్లో వెతికితే దొరకలేదని మాత్రమే చెప్పాలి. ముందుగా మీకు బాగా తెలిసిన యాభై తెలుగు పుస్తకాలు ఎంచుకుని, ఎన్ని దొరికాయో, దొరకనివి ఎందుకు దొరకలేదో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో కోడ్ కన్నా ఆ కాగితమే మీ గురించి ఎక్కువ చెబుతుంది.

ఉద్యోగాల గురించి ఉన్నమాట చెబుతాను. ప్రభుత్వ లైబ్రేరియన్ పోస్టులకు నోటిఫికేషన్లు ఎప్పుడో గాని రావు. వాటినే నమ్ముకుని కూర్చోవద్దు. అలాగని యూజీసీ నెట్ వదలవద్దు, అందులో మీ సబ్జెక్టు ఉంది. విశ్వవిద్యాలయాల డిజిటల్ గ్రంథాలయాలు, ప్రచురణ సంస్థలు, గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలు మెటాడేటా (పుస్తకాల వివరాలను రాసే తీరు) తెలిసినవారికి పని ఇస్తాయి. ఇంకా చదవాలనుకుంటే బెంగళూరులో 1962లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ స్థాపించిన శిక్షణ కేంద్రం డీఆర్‌టీసీ వివరాలు చూడండి.

ఫుల్‌స్టాక్ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఈ ప్రాజెక్టుకు మూడు నెలలు గడువు పెట్టుకోండి. అందులో ఎక్కడ ఆగిపోయారో చూస్తే ఏం నేర్చుకోవాలో తెలుస్తుంది. అప్పుడు అన్నయ్యతో కూర్చుని, ఆ ఒక్క అంశానికి సరిపోయే కోర్సును ఇద్దరూ కలిసి ఎంచుకోండి.