పెస్ట్ కంట్రోల్ అసోసియేషన్ పెట్టుకోండి, రేటు మాత్రం కట్టకండి

ప్రశ్న: కూకట్‌పల్లిలో చిన్న పెస్ట్ కంట్రోల్ సర్వీసు నడుపుతున్నాను. ఇంటర్ దాకా చదివాను. ఒక కంపెనీలో టెక్నీషియన్‌గా పని నేర్చుకుని బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నాను. ఇప్పుడు గల్లీకొకరు తయారై, చేతిలో స్ప్రేయర్ ఉంటే చాలన్నట్టు రేట్లు పడగొడుతున్నారు. అందుకే మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న చిన్న ఆపరేటర్లం కలిసి అసోసియేషన్ పెట్టుకుందామనుకుంటున్నాం. బైలాస్ (సంఘం నియమావళి) ముసాయిదా జతచేశాను. డబుల్ బెడ్రూం ఫ్లాటుకు ఇంత అని కనీస రేటు పెట్టి, తగ్గించినవాళ్లకు జరిమానా వేయొచ్చా? అసోసియేషన్ ఐడీ కార్డు, జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సు ఉంటే సరిపోతుందా? మాలో లైసెన్సు ఉన్న ఒకరి గోడౌన్‌లో ఇన్‌స్పెక్టర్ మందు శాంపిల్ తీశారు, నాసిరకం అని రిపోర్టు వచ్చింది. ఆయన తరఫున అసోసియేషన్ కోర్టుకు వెళ్లొచ్చా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అసోసియేషన్ పెట్టుకోవడం మీ హక్కు. పెట్టుకోండి. మీ వ్యాపారానికి దాని అవసరం చాలా ఉంది. కానీ ముసాయిదాలో 14వ నిబంధన చదివాక ఆగిపోయాను. కనీస రేటుకు తగ్గి పనిచేస్తే పదివేల జరిమానా, రెండోసారి తగ్గిస్తే డీలర్లు అతనికి మందు అమ్మకుండా చూడటం, ఒకరి ఏరియాలోకి ఇంకొకరు వెళ్లకూడదు. ఈ మూడూ ఒకే పేజీలో రాసి, కింద అందరూ సంతకాలు చేస్తే, మీ మీద కేసు పెట్టేవాళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కాంపిటీషన్ యాక్ట్, 2002లో 3వ సెక్షన్ ఉంది. ఒకే రకం వ్యాపారం చేసేవాళ్లు కలిసి ధర నిర్ణయించినా, ఏరియాలు పంచుకున్నా, సరఫరా ఆపించినా, టెండర్లలో ముందే మాట్లాడుకుని కోట్ చేసినా, దానివల్ల పోటీ దెబ్బతిన్నదనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరే. వ్యాపార సంఘాల పేరిట చేసినా ఇది వర్తిస్తుందని ఆ సెక్షన్‌లోనే ఉంది. మెడికల్ షాపుల సంఘాలు తమ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేనిదే కొత్త స్టాకిస్టును పెట్టకూడదని కంపెనీలను ఒత్తిడి చేసినందుకు కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసింది. పశ్చిమ బెంగాల్‌లో సినిమా, టీవీ కళాకారుల సంఘాలు ఒక డబ్బింగ్ సీరియల్‌ను అడ్డుకున్న వ్యవహారంలో సుప్రీంకోర్టు 2017లో కమిషన్ వైపే నిలబడింది. సంఘం పేరిట చేశాం, సభ్యుల మేలుకే చేశాం అన్న వాదన అక్కడ నిలవలేదు.

మీరు చిన్నవాళ్లు కదా, కమిషన్ మీ దాకా వస్తుందా అని మీకు అనిపించవచ్చు. ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు. మీరు బహిష్కరించిన ఆపరేటరు చేయొచ్చు, ఒక అపార్ట్‌మెంట్ సంఘం చేయొచ్చు. జరిమానా సగటు టర్నోవర్‌లో పది శాతం దాకా పోవచ్చు. నిర్ణయం తీసుకున్న ఆఫీస్ బేరర్లు వ్యక్తిగతంగా కూడా బాధ్యులవుతారు. ఆసుపత్రులు, ఐటీ పార్కులు పిలిచే టెండర్ల గురించి మీ వాట్సాప్ గ్రూపులో ‘ఈసారి నీకు, వచ్చేసారి నాకు’ అని మాట్లాడుకుంటే, ఆ మెసేజ్ ఫోన్లోనే ఉంటుంది. 14వ నిబంధన మొత్తం తీసేయండి. కొంచెం మార్చి రాద్దామని అనుకోవద్దు.

మరి రేటు పడిపోతోందన్న బాధకు దారి లేదా? ఉంది. ఒక ఫ్లాటులో బొద్దింకలకు జెల్ పెట్టి, కిచెన్, బాత్‌రూమ్ స్ప్రే చేయడానికి అసలు ఎంత ఖర్చవుతుందో లెక్క వేసుకోవడం సభ్యులకు నేర్పించండి. లేబుల్ చెప్పినంత మందు ఖరీదు, గ్లవ్స్, మాస్కు, కుర్రాడి కూలి, పెట్రోలు, వారంటీలో మళ్లీ వెళ్లాల్సి వస్తే దాని ఖర్చు. ఆ లెక్క చూశాక ఎవరి రేటు వాళ్లే నిర్ణయించుకోవాలి. ఎంతకు చేస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోవడం కూడా వద్దు. సగం రేటుకు చేసేవాడు ఎక్కడ మిగుల్చుకుంటున్నాడంటే చాలాసార్లు మందులోనే. అది కస్టమరుకు అర్థమయ్యేలా చెప్పే కరపత్రం అసోసియేషన్ వేయొచ్చు. అందులో తప్పు లేదు.

ఇక లైసెన్సు. ఇది మీకు నచ్చని జవాబే. ఇన్సెక్టిసైడ్స్ యాక్ట్, 1968లోని 13వ సెక్షన్ ప్రకారం, పురుగుమందు వాడుతూ డబ్బులకు పెస్ట్ కంట్రోల్ చేయాలంటే వ్యవసాయ శాఖలోని లైసెన్సింగ్ అధికారి ఇచ్చే లైసెన్సు ఉండాలి. ట్రేడ్ లైసెన్సు మీరు ఆ చోట వ్యాపారం పెట్టుకోవడానికి. కార్మిక శాఖ దగ్గర చేయించే షాప్స్ రిజిస్ట్రేషన్ మీ దగ్గర పనిచేసేవాళ్ల కోసం. జీఎస్టీ పన్ను కోసం. వీటిలో ఏదీ ఇంకొకరి వంటింట్లో మందు కొట్టే అనుమతి కాదు. అసోసియేషన్ కార్డు అసలే కాదు. 38వ సెక్షన్‌లో ఇచ్చిన మినహాయింపు తన ఇంట్లో, పెరటి తోటలో, తను సాగుచేసే భూమిలో తానే వాడుకునేవారికి మాత్రమే. పైసలు తీసుకుని పక్కింటికి వెళ్లారంటే ఆ మినహాయింపు పోయినట్టే. లైసెన్సు లేకుండా నడిపితే కేసు పెట్టొచ్చు. శిక్షలు చెప్పే 29వ సెక్షన్‌లో జైలు కూడా ఉంది.

ఈ చట్టం ఎందుకు పుట్టిందో మీ మొదటి మీటింగులో సభ్యులకు చెప్పండి. 1958లో కేరళలో, ఓడలో పురుగుమందు పక్కన పెట్టి తెచ్చిన గోధుమ పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. దాని మీద వేసిన విచారణ నుంచి వచ్చిందే ఇది.

లైసెన్సుకు కావాల్సిన అర్హత 1971 నాటి ఇన్సెక్టిసైడ్స్ రూల్స్‌లోని 10వ రూల్లో ఉంది. వ్యవసాయంలో డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ గానీ ఉండాలి. దానికి తోడు గుర్తింపు పొందిన సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ తీసుకున్న సర్టిఫికెట్. ఆ సంస్థల్లో ఒకటి మన రాజేంద్రనగర్‌లోనే ఉంది, ఇప్పుడు ఎన్ఐపీహెచ్ఎం (జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ) అని పిలుస్తున్నదే. ఇలాంటి సంస్థలే ఉన్న మైసూరు, హాపూర్ దాకా పోవాల్సిన పని మనకు లేదు. మీకు డిగ్రీ లేదు కాబట్టి, అర్హత ఉన్నవాళ్లను నిజంగా భాగస్వామిగా చేర్చుకుని సంస్థ పేరిట దరఖాస్తు చేయడం గురించి ముందు లైసెన్సింగ్ అధికారితో మాట్లాడండి. ఎక్కడో ఉన్న ఒకరి సర్టిఫికెట్ జిరాక్స్ పెట్టి పని నడిపించడం మాత్రం వద్దు. ఏదైనా ప్రమాదం జరిగిన రోజు ఆ జిరాక్సే మీ మీద మొదటి ఆధారం అవుతుంది.

నా దృష్టిలో అసోసియేషన్ అసలు పని ఇక్కడే మొదలవుతుంది. శిక్షణకు సభ్యులను బ్యాచులుగా పంపడం, దరఖాస్తులు సరిగ్గా నింపించడం, లైసెన్సు మీద గడువు రాసి ఉంటే అది దాటకుండా గుర్తుచేయడం. ఏళ్ల తరబడి ఈ పనిచేసిన టెక్నీషియన్ల అనుభవానికి రూల్స్‌లో ఏదో ఒక స్థానం ఇవ్వాలని ప్రభుత్వానికి రాయడం కూడా. 1968 చట్టం స్థానంలో తేవాలనుకున్న పెస్టిసైడ్స్ మేనేజ్‌మెంట్ బిల్లును 2020 మార్చిలో రాజ్యసభలో పెట్టారు, తర్వాత స్థాయీ సంఘానికి పంపారు. ఇలాంటి ముసాయిదాలు ప్రజాభిప్రాయానికి వచ్చినప్పుడు కూకట్‌పల్లిలో స్ప్రేయర్ మోసేవాడి మాట అక్కడికి చేరాలంటే, లెటర్‌హెడ్ మీద రాసి పంపే సంఘం ఒకటి ఉండాలి. జాతీయ స్థాయిలో ఇండియన్ పెస్ట్ కంట్రోల్ అసోసియేషన్ ఉంది. ఇక్కడ మీరు వేరే పెట్టుకోవడానికి అది అడ్డు కాదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ ముసాయిదాలో పనివాళ్ల గురించి ఒక్క లైను కూడా లేదు. ఈ నగరంలో నేను తరచూ చూసేది ఇదీ: ఇరవై ఏళ్లయినా నిండని కుర్రాడు, ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని, వట్టి చేతులతో, మంచినీళ్ల సీసాలో తెచ్చిన మందును స్ప్రేయర్‌లో పోస్తుంటాడు. ఆ సీసా మీద లేబుల్ ఉండదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఏది ఉండేదో అతనికి తెలియదు. ఎరుపైతే అత్యంత విషపూరితం. ఆ సీసా ఆ ఇంటి వంటగట్టు మీదే పెట్టి, పని మధ్యలో ఫోన్ మాట్లాడతాడు. పిల్లలున్న ఇల్లు అది. రూల్స్‌లో 37 నుంచి 44 దాకా ఇవన్నీ ఉన్నాయి: పనిలో పెట్టుకునే ముందు, తర్వాత కూడా వైద్య పరీక్షలు, రక్షణ దుస్తులు, శ్వాస పరికరాలు, విరుగుడు మందులు, పనివాళ్లకు శిక్షణ, ఖాళీ డబ్బాలను పారవేసే పద్ధతి. ఒక్కొక్క చిన్న ఆపరేటరుకు ఇవి భారం, నిజమే. నలుగురు కలిస్తే ఒక డాక్టరుతో ఒప్పందం చేసుకోవచ్చు, కిట్లు ఒకేసారి కొనొచ్చు. మీ బైలాస్‌లో 14వ నిబంధన తీసేసిన చోట ఇది రాయండి.

ఫ్యూమిగేషన్, అంటే విషవాయువుతో పురుగులను చంపడం, సంగతి ఇంకా జాగ్రత్త. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. గోడ సందుల్లోంచి పక్క ఫ్లాటులోకి పాకి మనుషుల్ని చంపుతుంది. ప్రభుత్వం ఆమోదించిన నిపుణుల పర్యవేక్షణ లేకుండా దాన్ని వాడటానికి వీల్లేదు. నల్లులకు ‘గోలీ పెడతాం’ అనే సభ్యుడు మీలో ఉంటే అసోసియేషన్ మొదట ఆపాల్సింది అతన్నే. డైక్లోర్వాస్ అనే పురుగుమందు కూడా 2018 ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 తర్వాత నిషేధం. పాత స్టాకు ఉందని వాడితే కుదరదు. ‘హెర్బల్, వంద శాతం గ్యారంటీ, వాసనే రాదు’ అని కరపత్రంలో వేసి లోపల రసాయనం కొడితే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది.

రిజిస్ట్రేషన్ పెద్ద కష్టం కాదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర మెమొరాండం, బైలాస్ ఇవ్వాలి. ఉద్దేశాలు రాసేటప్పుడు శిక్షణ, భద్రత, విజ్ఞాన ప్రచారం అని స్పష్టంగా రాయండి. వ్యాపారాభివృద్ధే ముఖ్య ఉద్దేశమైతే కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగా పెట్టుకోవడం మేలు, ఖర్చు కొంచెం ఎక్కువ.

చివరగా మీ మిత్రుడి కేసు. దీనికే తొందర ఎక్కువ. అసోసియేషన్ ఇంకా రిజిస్టరే కాలేదు. అయినా, ఒక్కరి మీద వచ్చిన కేసును ఎదుర్కోవాల్సింది ఆ ఒక్కరే. అందరికీ తగిలే ఉత్తర్వు ఏదైనా వస్తే అప్పుడు సంఘం హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఇన్సెక్టిసైడ్స్ యాక్ట్‌లోని 24వ సెక్షన్: అనలిస్ట్ రిపోర్టు కాపీ అందిన 28 రోజుల్లోపు, దాన్ని సవాలు చేస్తూ సాక్ష్యం చూపిస్తానని ఇన్‌స్పెక్టరుకు గానీ, కేసు కోర్టులో ఉంటే కోర్టుకు గానీ రాతపూర్వకంగా తెలపాలి. అలా తెలిపితే శాంపిల్‌ను సెంట్రల్ ఇన్సెక్టిసైడ్స్ లాబొరేటరీకి పంపించే వీలుంటుంది. తెలపకపోతే ఆ రిపోర్టే తిరుగులేని సాక్ష్యం అయిపోతుంది. శాంపిల్ తీసేటప్పుడు దాన్ని మూడు భాగాలు చేసి సీలు వేసి, ఒకటి ఆయనకు ఇచ్చి ఉండాలి. ఆ సీలు విప్పవద్దు, ఎండ తగలనివ్వవద్దు.

ఆయనను కాపాడేది 30వ సెక్షన్. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర కొన్నానని, నాసిరకమని తనకు తెలియదని, మామూలు జాగ్రత్తతో తెలుసుకునే వీలూ లేదని, కొన్నది కొన్నట్టే సరిగ్గా నిల్వచేశానని నిరూపిస్తే తయారీదారు తప్పుకు ఆయన బాధ్యుడు కాడు. దీనికి బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు కావాలి. ‘క్యాష్ ఇచ్చాను, బిల్లు తీసుకోలేదు’ అంటే ఈ రక్షణ దాదాపు పోయినట్టే. లైసెన్సు సస్పెండ్ చేస్తే ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో 15వ సెక్షన్ కింద అప్పీలు వేసుకోవాలి. రిపోర్టు ఏ తేదీన చేతికి అందిందో, ఆ కవరు, తపాలా ముద్రతో సహా దాచమనండి. డీలరు బిల్లు, స్టాకు రిజిస్టరు, లైసెన్సు కాపీ పట్టుకుని ఈ వారంలోనే ఒక లాయరును కలవమనండి. 28 రోజుల లెక్క ఆ తేదీ నుంచే.