తలకు దెబ్బ తగిలాక రాత్రి మూడింటికి ఉలిక్కిపడి లేస్తున్నారు

ప్రశ్న: మా ఆయనకు 36 ఏళ్లు. సెంట్రింగ్ పని చేస్తారు. నాలుగు నెలల కిందట బైక్ మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి ట్రాలీ ఆటో గుద్దింది. హెల్మెట్ లేదు. తలకు దెబ్బ తగిలి లోపల కొద్దిగా రక్తం గడ్డకట్టిందని స్కాన్‌ చూసి చెప్పారు. ఆపరేషన్ అవసరం పడలేదు, వారం రోజులు ఉంచి పంపించారు. గాయం మానింది కానీ నిద్ర పోయింది. పన్నెండింటి దాకా దొర్లుతూనే ఉంటారు. పట్టిందనుకుంటే మూడు, నాలుగు మధ్య అరుస్తూ లేస్తారు. ఒళ్లంతా చెమటలు. వెనక నుంచి ఏదో మీదికి వస్తున్నట్టు కల వస్తోందంటారు. విచిత్రం ఏమిటంటే అసలు ప్రమాదం ఆయనకు గుర్తే లేదు. పగలు కూర్చున్న చోటే కునికిపాట్లు, పిల్లల మీద ఊరికే కసురుకోవడం. గాలి సోకిందని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. మందుల షాపులో అడిగితే నిద్రమాత్రలు ఇచ్చారు, రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్నారు. ఫిట్స్ రాకుండా ఆసుపత్రిలో ఇచ్చిన మాత్ర కూడా ఇంకా వాడుతున్నారు. మెదడుకు ఏమైనా అయిందా? మళ్లీ పనికి వెళ్లగలరా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసింది చదువుతుంటే నాలుగు నెలలుగా మీకూ నిద్ర లేదని అర్థమవుతోంది. మీ వారికి గాలీ సోకలేదు, పిచ్చీ పట్టలేదు. తలకు దెబ్బ తగిలినవాళ్లలో దాదాపు సగం మందికి ఏదో ఒక నిద్ర ఇబ్బంది ఉంటుంది. కొందరికి నిద్ర పట్టదు, కొందరికి పగలంతా మత్తు వదలదు, కొందరికి పీడకలలు. మీ వారికి మూడూ ఉన్నాయి.

ఇంత మామూలు సమస్య అయినా దీని గురించి ఆసుపత్రిలో మాట్లాడుకోవడం తక్కువ. రివ్యూకి వెళితే తలనొప్పి ఉందా, వాంతులు అవుతున్నాయా, ఫిట్స్ వచ్చాయా అని డాక్టర్లం అడుగుతాం. రాత్రి ఎలా గడుస్తోందని మేమూ అడగం. కల గురించి చెబితే నవ్వుతారేమోనని రోగులూ చెప్పరు. ముఖ్యంగా మగవాళ్లు. అలా నెలలు గడిచిపోతాయి. అందుకే ఈ జవాబు కాస్త పెద్దగా రాస్తున్నాను. తాయెత్తు సంగతికి మీ అత్తగారితో గొడవ పెట్టుకోకండి. దాని వల్ల ఆవిడ మనసు కుదుటపడితే ఉండనివ్వండి. వైద్యం మాత్రం వాయిదా వేయవద్దు.

మెదడుకు ఏమైందని అడిగారు. మనల్ని మెలకువగా ఉంచే, నిద్రపుచ్చే కేంద్రాలు మెదడు అడుగున, బాగా లోపలగా ఉంటాయి. దెబ్బ పైన తగిలినా పుర్రెలో మెదడు మొత్తం కుదుపుకు గురవుతుంది. పగలు మెలకువగా ఉంచే ఓరెక్సిన్ అనే రసాయనం, చీకటి పడిందని ఒంటికి కబురు చెప్పే మెలటోనిన్, ఈ రెండూ కొందరిలో తగ్గిపోతాయి. దాంతో రావాల్సినప్పుడు నిద్ర రాదు, వద్దన్నప్పుడు ఆగదు. ఇది మామూలు సీటీ స్కాన్‌లో కనిపించే విషయం కాదు. స్కాన్ బాగానే ఉంది కదా, ఇంకా ఏమిటీ వేషాలు అని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఈ మాట వాళ్లకు చదివి వినిపించండి.

ఇక మూడింటికే ఎందుకు? నిద్రలో గంటన్నరకోసారి కలల దశ వస్తుంది. రాత్రి మొదట్లో అది కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారుజాముకు వచ్చేసరికి బాగా పొడుగవుతుంది. పీడకలలు ఎక్కువగా ఆ వేళలో వచ్చేది అందుకే.

గుర్తు లేని ప్రమాదం కలలోకి ఎలా వస్తుందన్నది మీ అనుమానం. జరిగిన సంగతిని దాచుకునే చోటు, భయాన్ని దాచుకునే చోటు మెదడులో వేర్వేరు. దెబ్బ తగిలిన క్షణంలో మొదటిది పని చేయకపోయినా రెండోది పని చేయవచ్చు. పైగా ఆసుపత్రిలో చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ మంచం పక్కన నిలబడి ఎలా గుద్దిందో, ఎంత దూరం పడ్డారో చెప్పి ఉంటారు. విన్న మాటలతోనూ మనసు బొమ్మ కట్టుకుంటుంది. ఆయన వినేలా ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పకండి, చుట్టాలను కూడా చెప్పనివ్వకండి.

ఇప్పుడు మాత్రల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

ఫిట్స్ రాకుండా ఇచ్చిన మాత్ర పేరు మీరు రాయలేదు. అట్ట మీద లెవెటిరసెటమ్ అని ఉందేమో చూడండి. తలకు దెబ్బ తగిలినవాళ్లకు ఈ రోజుల్లో ఎక్కువగా ఇస్తున్నది అదే. మంచి మందే, నేనూ రాస్తాను. కానీ కొందరికి దాని వల్ల విపరీతమైన చిరాకు, కోపం వస్తాయి, నిద్ర చెడిపోతుంది. మునుపు ఎప్పుడూ కసురుకోని మనిషి పిల్లల మీద ఎగిరిపడుతున్నాడంటే అందులో ఈ మాత్ర వాటా ఎంతో చూడాల్సిందే. ఒక్క ఫిట్స్ కూడా రాని వాళ్లకు ముందుజాగ్రత్తగా దీన్ని మామూలుగా మొదటి వారం రోజులే ఇస్తారు. ఫిట్స్ వచ్చి ఉంటే, లేదా డాక్టర్ వేరే కారణం చూసి ఉంటే ఎక్కువ కాలం వాడాలి. మీ వారికి నాలుగు నెలలుగా ఎందుకు నడుస్తోందో డిశ్చార్జ్ కాగితం పట్టుకెళ్లి ఆపరేషన్ అవసరం లేదని చెప్పిన ఆ డాక్టర్‌నే అడగండి. చాలామంది విషయంలో ఆపమని ఎవరూ చెప్పక, అడగాలని వీళ్లకు తోచక అలా సాగిపోతుంటుంది. అయితే ఇది చదివి రేపటి నుంచి మీరే మానిపించవద్దు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. మార్చాలన్నా, తగ్గించాలన్నా డాక్టరే చేయాలి. తలనొప్పికి ప్రొప్రనొలాల్ మాత్ర ఏమైనా వాడుతున్నారా? దానితోనూ పీడకలలు వస్తాయి. అదీ చెప్పండి.

నిద్రమాత్రల విషయంలో నాకు నిజంగా బాధగా ఉంది. చీటీ లేకుండా అవి ఇవ్వకూడదు. ఇలా షాపులో దొరికేవి ఎక్కువగా ఆల్ప్రజోలామ్ జాతివి. మొదటి వారం హాయిగా నిద్ర పట్టినట్టే ఉంటుంది. కొన్నాళ్లకు అదే మాత్ర చాలదు. అసలే దెబ్బ తిన్న మెదడుకు అది మతిమరుపును, మత్తును, తూలుడును పెంచుతుంది. ఆయన పగటి కునికిపాట్లలో కొంత భాగం దానిదే అయి ఉండవచ్చు. రెండు నెలలు రోజూ వేసుకున్నారు కాబట్టి దీన్ని కూడా ఒక్కసారిగా ఆపకూడదు. కలలు రెట్టింపై తిరగబడతాయి, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి. నిద్ర పడుతుందని రాత్రి మద్యం అలవాటైతే అదీ ఇంతే. ముందు మత్తులో పడుకోబెడుతుంది, తెల్లవారుజామున కలలతో లేపుతుంది.

మీరు ఇంట్లో చేయగలిగిన పని ఒకటి ఉంది. ఒక రాత్రి మీ వారి నిద్రను ఫోన్‌లో వీడియో తీయండి. కొన్నాళ్ల కిందట ఒక ఆటో డ్రైవర్ భార్య ఇలాగే తీసిన వీడియో తెచ్చి చూపించింది. అంతా కలిపి నిమిషం ఉండదు. గట్టిగా గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం, పొట్ట మాత్రం ఎగసిపడుతోంది, గాలి ఆడటం లేదు. తర్వాత గుటకేసి ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. ఆయనకు రోజూ వచ్చే కల ఏమిటంటే బావిలో మునిగిపోతున్నట్టు! ఆయనది నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, స్లీప్ ఆప్నియా. తలకు దెబ్బ తగిలినవాళ్లలో ఇది మామూలు జనంలో కన్నా ఎక్కువ. రాత్రంతా నిద్రను కొలిచే పరీక్ష చేయించి, గాలి మెషీన్ పెట్టాక ఆ కల పోయింది. ఆయనకు మూడు నెలల పాటు నిద్రమాత్రలు పెంచుకుంటూ పోయింది నేనే. ఆ జబ్బుకు అవి విషం లాంటివి. అప్పటి నుంచి వీడియో అడగకుండా నిద్రకు మందు రాయడం లేదు.

వీడియోలో ఇంకొకటి కూడా గమనించాలి. పీడకల వచ్చి లేచిన మనిషి కాసేపటికి తేరుకుంటాడు, ఏం కల వచ్చిందో చెబుతాడు, మీ మాటకు బదులిస్తాడు. నిద్రలో ఫిట్స్ వస్తే అలా ఉండదు. కాళ్లూ చేతులూ ఒకే తీరున కొట్టుకోవడం, పొద్దున లేచేసరికి నాలుక అంచున గాటు, దిండు మీద రక్తపు మరక, పక్కలో మూత్రం పోవడం, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు, రాత్రి ఏం జరిగిందో ఏమీ గుర్తులేకపోవడం – వీటిలో ఏది కనిపించినా నరాల డాక్టర్‌కు చూపించి, మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష తీయించాలి.

కలే అయినప్పుడు ఏం చేయాలి? ఆయన అరుస్తూ లేచినప్పుడు భుజాలు పట్టుకుని ఊపకండి. ఆ క్షణంలో మీరెవరో ఆయనకు తెలియదు, చెయ్యి విసిరితే మీకు దెబ్బ తగలవచ్చు. చిన్న లైటు వేసి, కొంచెం దూరం నుంచే పలకరించండి. ఇంట్లోనే ఉన్నారని, పక్కన మీరున్నారని, పిల్లలు పడుకున్నారని చెప్పండి. మంచినీళ్లు ఇవ్వండి. ఏం కల వచ్చిందని అర్ధరాత్రి ఆరా తీయవద్దు. అది పగటి పని.

పగలు, అన్నం తిని తీరిగ్గా ఉన్నప్పుడు ఆ కలను ఆయన చేత మొదటి నుంచి చెప్పించండి. తర్వాత, దాన్ని ఎక్కడ ఎలా మార్చాలనుంటే అలా మార్చమనండి. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయనకు వెనక నుంచి లారీ లైట్లు పడే కల వచ్చేది. ఆయన మార్చుకున్నది ఇలా: లైట్లు పడగానే బండిని రోడ్డు పక్కకు తీసి, టీ బంకు ముందు స్టాండ్ వేశాడు. లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. టీ బాగా వేడిగా ఉంది. అంతే. ఈ కొత్త కలను రోజూ పది, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో నడిపించుకోవాలి. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది కానీ ఇది ఎన్నో ఏళ్లుగా పరీక్షలకు నిలిచిన చికిత్స, ఇమేజరీ రిహార్సల్ థెరపీ అంటారు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. పెద్ద కల తలచుకుంటేనే గుండె దడ వస్తుంటే బలవంతం చేయకండి. చిన్న కలతో మొదలుపెట్టండి, లేదా మానసిక వైద్యుల సాయంతో చేయించండి. పగలు కూడా బండి చప్పుడుకు ఉలిక్కిపడుతున్నా, ప్రమాదం జరిగిన దారిలో వెళ్లడానికి జంకుతున్నా వాళ్ల దగ్గరికి తప్పక వెళ్లాలి. దానికి వేరే చికిత్స ఉంది. కొందరికి ప్రజోసిన్ లాంటి మందులూ ఇస్తారు, అందరికీ పని చేయవు. దగ్గరలో మానసిక వైద్యులు లేకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

నిద్ర పట్టడం గురించి ఒక్క మాట. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకు లేపండి. లేవగానే అరగంట ఎండ తగిలేలా నడిపించండి. పగలు కునుకు అరగంట దాటనివ్వకండి, మూడు తర్వాత అసలు వద్దు. టీ మధ్యాహ్నంతో సరి. నిద్ర రానప్పుడు మంచం మీద దొర్లకుండా లేచి వేరేచోట కూర్చుని, మళ్లీ కళ్లు మూతలు పడుతున్నప్పుడే వచ్చి పడుకోవాలి. చీకటి గదిలో రెస్ట్ పేరుతో రోజంతా పడుకోబెట్టడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

ఈ కింది వాటికి మాత్రం రివ్యూ తేదీ దాకా ఆగకండి, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. తలనొప్పి రోజురోజుకూ పెరగడం, ఆగకుండా వాంతులు, ఒక పక్క చెయ్యి లేదా కాలు బలహీనపడటం, మాట తడబడటం, లేపినా సరిగా లేవనంత మత్తు. పుర్రె లోపల రక్తం వారాల తరబడి మెల్లగా చేరే అవకాశం ఉంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. ఇలా బతకడం కన్నా చావడం మేలు అని ఆయన ఎప్పుడైనా అన్నా అది కూడా అదే రోజు చూపించాల్సిన విషయం. ఫిట్స్ మాత్ర వల్ల కూడా అలాంటి ఆలోచనలు రావచ్చు.

మళ్లీ పనికి వెళ్లగలరా అని అడిగారు. వెళ్లగలరు. కానీ సెంట్రింగ్ అంటే పలకల మీద, కర్రల మీద పైకెక్కే పని. కునికిపాట్లు ఉన్నంత కాలం, రాత్రివి ఫిట్స్ కావని తేలేంత వరకు పైకెక్కనివ్వకండి, బండి నడపనివ్వకండి. ఈలోగా మేస్త్రీతో మాట్లాడి కిందే ఉండి ఇనుము కట్టే పనో, సామాను లెక్క చూసే పనో అడగండి, మొదట్లో పూటకు. రోజంతా ఇంట్లో కూర్చోవడం కన్నా నలుగురిలో పడి పని చేస్తేనే రాత్రి నిద్ర తొందరగా దారిలో పడుతుంది. ఈసారి రివ్యూకి మీరూ వెంట వెళ్లండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ, షాపులో కొన్నవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఫోన్‌లో ఆ వీడియో మర్చిపోకండి.