సార్ మాట కూడా రాయి

అమ్మాయీ,

నీ కవితలు అందాయి. డిగ్రీ మొదటి ఏడాది మీద రాసినవి మళ్ళీ మళ్ళీ చదివాను. నీ కోపం నిజమైనది, రాసే చెయ్యి కూడా ఉంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఇంటర్‌లో నీకు అన్నీ చేతికిచ్చారు. మెటీరియల్, ఇంపార్టెంట్ ప్రశ్నలు, వారం వారం టెస్టులు, మార్కులు తగ్గితే ఇంటికి ఫోను. డిగ్రీకొచ్చేసరికి లెక్చరర్ గారు పాఠం చెప్పి "మిగతాది లైబ్రరీలో చూసుకోండి" అని వెళ్ళిపోయారు. ఆయన నోట్స్ చెబుతారని నువ్వు కాచుక్కూర్చున్నావు. ఎవరో ఒకరు లేచి ప్రశ్న అడుగుతారని ఆయనా చూసే ఉంటారు. నీ కవితల్లో నీ నిరాశ ఒక్కటే ఉంది.

వరద కవిత అన్నిటికన్నా గట్టిది. కాజ్‌వే మునిగితే లంక పిల్లలు పడవ దాటి, ఏటిగట్టు మీద ఆటో పట్టుకుని కాలేజీకి రావడం మన గోదావరోళ్ళు రాస్తేనే నమ్మేట్టు ఉంటుంది. పుస్తకాలు యూరియా సంచిలో చుట్టి తెచ్చుకున్న ఆ పిల్ల నా కళ్ళ ముందే నిలబడింది. తీరా ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చేసరికి సార్ "అటెండెన్స్ అయిపోయింది" అన్నారు. నువ్వు వెంటనే ఆయన్ని బండరాయి అనేశావు. కవిత అక్కడే చచ్చిపోయింది.

ఆయన ముందున్న రిజిస్టరు చూశావా? హాజరు 75 శాతం లేదని సెమిస్టర్ చివర ఆ పిల్లకి చెప్పాల్సిందీ ఆయనే. ఒకవేళ గెస్ట్ లెక్చరరైతే, ఎన్ని క్లాసులు చెబితే అన్నిటికే డబ్బులు. ఆయన్ని వెనకేసుకు రావడానికి కాదు ఇదంతా, ఆయన ఆ పిల్లతో ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ తీర్పు నువ్వే ఇచ్చేస్తే చదివేవాళ్ళకి ఇక పనేముంది?

"చాక్‌పీసు అరిగిపోయింది, మా కలల్లాగే" అన్నావు. 'మా కలల్లాగే' కొట్టెయ్యి, అది ఎవరికైనా తడుతుంది. పిరియడ్ అయ్యాక సుద్దపొడి ఆయన చొక్కా జేబు మీద ఉందో, వాచీ మీద ఉందో చూసి అది రాయి.

కడియం అంటే నీకు నర్సరీలు గుర్తొస్తాయి. తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు 1870లో పుట్టిందీ అక్కడే. ఆయన శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణ ఒక పద్యంలో, తనలాంటి శిష్యుడు దొరికిన భాగ్యం నన్నయకూ లేదు, తిక్కనకూ లేదు, మా గురువుగారికే దక్కింది అన్నారు. ఎంత గర్వమో చూడు! అదే నోటితో గురువుగారిని ఆ ఇద్దరికన్నా అదృష్టవంతుణ్ణి చేసేశారు. గర్వం, భక్తి ఒక్క పద్యంలో పట్టాయి. నీ కోపం పక్కన మీ సార్ విసుగు పట్టదా?

ముందు వరద కవిత తిరగరాయి. సార్ నిజంగా అన్న మాట ఇంకొకటి అందులో పెట్టు, నీకు నచ్చనిదైనా సరే, దాని మీద నీ వ్యాఖ్య మాత్రం వద్దు. గుర్తు లేకపోతే స్టాఫ్ రూముకి వెళ్ళి ఆయనతో ఒకసారి మాట్లాడు, ఆ పిల్లని కూడా తీసుకెళ్ళు. సెమిస్టర్ పరీక్షలయ్యాక పంపినా పర్లేదు, చదువు పాడుచేసుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు