అరబ్బు కార్టూన్ గురించి తెలుగులో రాసేటప్పుడు

తమ్ముడూ,

అరబ్బు రాజకీయ కార్టూన్లు, మీమ్‌ల మీద నీ వ్యాసం చదివాను. బొమ్మలు బాగా ఏరావు. కానీ ప్రతి బొమ్మ కిందా పది వాక్యాల వివరణ పెట్టడంతో నవ్వు అక్కడే చచ్చిపోయింది. ఏ దేశం, ఏ వారం, అప్పుడు అక్కడి జనం నోళ్లలో నానుతున్న సంగతేమిటి, ఇవి బొమ్మకు ముందే రెండు వాక్యాల్లో చెప్పెయ్. కింద అనువాదం ఒక్కటి చాలు.

ఎక్కువ బాధపెట్టింది మాత్రం పేర్ల విషయం. సిరియాలో కార్టూనిస్టు అలీ ఫర్జాత్ దశాబ్దాలపాటు పేరు లేని సైన్యాధికారులను, అధికారులను గీశారు. ఎవరిని అంటున్నారో జనమే పోల్చుకునేవారు. 2011లో అప్పటి దేశాధ్యక్షుడు బషర్ అల్ అసద్‌ను నేరుగా గీయడం మొదలుపెట్టారు. ఆ ఆగస్టులోనే డమాస్కస్‌లో ముసుగు మనుషులు ఆయన్ని పట్టుకుని చేతులు విరగ్గొట్టారు. అంతకు ముందటి బొమ్మ కింద నువ్వు ‘ఇది అసద్’ అని రాస్తే, ఆయన దాచిపెట్టి చెప్పిన నేర్పు పాఠకుడికి అందదు. ఆయన ఎవరి పేరూ రాయని చోట నువ్వూ రాయకు.

పాత గుర్తులు తెలియకపోతే కొత్త మీమ్ అర్థం కాదు. వీపు తిప్పి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే పిల్లాడు హంధల. పాలస్తీనా కార్టూనిస్టు నాజీ అల్ అలీ 1969లో సృష్టించాడు. 1973 తర్వాత ఆ పిల్లాడు మనకు ముఖం చూపించలేదు. పేరు హంధల్ అనే చేదు పుచ్చ నుంచి వచ్చింది. ఆ చేదు నీ అనువాదంలో కనిపించాలి.

ఇక భాష. అరబ్బులకు పత్రికల్లో వాడే ఫుస్‌హా వేరు, ఇంట్లో మాట్లాడే ఆమ్మియా వేరు. మంత్రి ఫుస్‌హాలో ఉపన్యసిస్తే మామూలు మనిషి ఆమ్మియాలో జవాబిస్తాడు. చాలా మీమ్‌లలో నవ్వంతా ఆ తేడాలోనే ఉంది. మనకు ఇది కొత్త కాదు. మంత్రి మాటను గ్రాంథికంలో పెట్టి, జవాబును మీ ఊరి యాసలో రాయి. రెంటినీ ఒకే భాషలో రాశావంటే జోకు లేనట్టే. ఇంగ్లిషు లిపిలో టైపు చేసిన అరబిక్‌లో 3, 7 కనిపిస్తే అంకెలనుకోకు: 3 ‘ఐన్’ అక్షరం, 7 గొంతులోంచి పలికే ‘హ’.

అరబిక్ కార్టూన్‌లో గళ్లు కుడి నుంచి ఎడమకు చదవాలి. బొమ్మను అద్దంలోలా తిప్పకు, లోపలి రాత ఎడమ కుడి తారుమారవుతుంది. గళ్లకు 1, 2, 3 వెయ్యి. అరబిక్‌ను మళ్లీ టైపు చెయ్యకు; కొన్ని సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు విడిపోయి వెనక్కి తిరుగుతాయి.

ఈజిప్టులో 2018 చట్టం 5,000 మంది, అంతకు మించి అనుచరులున్న వ్యక్తిగత ఖాతాలను కూడా మీడియా నియంత్రణ కిందికి తెచ్చింది. పేజీలు మాయమవుతాయి, చూసిన రోజే తేదీతో సహా దాచుకో. పేరున్న కార్టూనిస్టు పేరు తప్పక వెయ్యి. ఎవరో కుర్రాడి మీమ్ అయితే ఖాతా పేరు కత్తిరించు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లూ నిన్ను చదువుతారు. అక్కడ పంచుకున్నందుకూ కేసు పడొచ్చు. ‘అందరికీ పంపండి’ అన్న నీ చివరి వాక్యం తీసెయ్.

సవరించిన ప్రతి పంపు. ముందు ఫర్జాత్ బొమ్మ కింది పేరు కొట్టెయ్.