అంటు మామిడి కొనేముందు అడుగు సంగతి అడగండి

గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఫ్లోరిడాలోనో, టెక్సస్‌లోనో, కాలిఫోర్నియాలోనో పెరడున్న ఇల్లు కొన్నవాళ్లు నర్సరీలో మొదట అడిగేది ఒకటే: బంగినపల్లి ఉందా? కొత్తపల్లి కొబ్బరి దొరుకుతుందా? బెంగంతా పైకొమ్మ మీదే. ఆ కొమ్మని ఏ మొక్క మీద కట్టారని అడిగేవాళ్లు అరుదు. మీ పెరటి మట్టితో, నీటితో కాపురం చెయ్యాల్సింది మాత్రం ఆ అడుగు మొక్కే.

కడియం నర్సరీల్లో మనం ఆ ప్రశ్న అడిగి ఎరగం. నాటు టెంకలు మొలిపించి, వాటి మీదే అంటు కడతారు. మన రకాల టెంకలో పిండం ఒక్కటే. దాన్నుంచి వచ్చే మొక్కకి తల్లి పోలిక ఉండొచ్చు, లేకపోవచ్చు. అందుకే ఒకే చెట్టు పుల్లతో కట్టిన రెండు అంట్లు పక్కపక్కనే వేసినా ఒకటి ఏపుగా, ఒకటి గిడసగా పెరుగుతుంటాయి. ఫ్లోరిడా నర్సరీలు ఎక్కువగా వాడేది టర్పెంటైన్ అనే పీచు మామిడి. దీని టెంక పాతితే మూడు నాలుగు మొలకలు వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం అచ్చం తల్లి నకళ్లే. వరస మొత్తం ఒకే తీరుగా పెరుగుతుంది. పైగా దక్షిణ ఫ్లోరిడా సున్నపురాయి నేలని తట్టుకుంటుంది. మయామీ వైపు ఇల్లయితే ఇక ఆలోచించక్కర్లేదు, అదే తీసుకోండి.

అలాగని అక్కడ పోషణ అక్కర్లేదని కాదు. లేత ఆకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదన్నమాట. ఊళ్లో లాగా అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేస్తే ఆ సున్నపు నేలలో వేరుకి అందకుండానే బిగిసిపోతుంది. ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్న ఐరన్ చీలేట్ కొని, ఎండకాలంలో నీళ్లలో కలిపి చెట్టు మొదట్లో పోయండి. జింకు, మాంగనీసు ఆకు మీద కొట్టేవి.

కాలిఫోర్నియాలో ఇదే టర్పెంటైన్ అంటు చాలామంది పెరళ్లలో ఏళ్లకేళ్లు అంగుళం కదలదు. చల్లటి శీతాకాలం, ఉప్పు తేలిన కుళాయి నీళ్లు, కుండీలో చుట్టుకుపోయిన తల్లివేరు, మూడూ కలిసి మొక్కని కూర్చోబెట్టేస్తాయి. అక్కడ పెంచి అలవాటైనవాళ్లు చెప్పే మార్గం టెంకని చెట్టు ఉండాల్సిన చోటే పాతి, మొక్క నిలదొక్కుకున్నాక అంటు కట్టడం. అంగట్లో దొరికే పసుపు రంగు చిన్న అతౌల్ఫో పండు తినేసి, టెంక పైచిప్ప కత్తెరతో ఒలిచి, లోపలి పప్పుని ఆరనివ్వకుండా వంపు పైకి ఉండేలా అంగుళం లోతున పెట్టండి. రెండు మూడు వారాల్లో మొలుస్తుంది. దానికీ ఒకటికి మించి మొలకలొస్తాయి, బలమైనది ఉంచి తక్కినవి తీసెయ్యండి.

మొక్క కాండం పెన్సిలంత లావెక్కాక అంటు. మీకు కావలసిన రకం చెట్టు ఎవరి పెరట్లో ఉందో చూసుకుని, ముదిరిన కొసకొమ్మ మీద ఆకుల్ని తొడిమలు ఉంచి కత్తిరించమనండి. వారం పది రోజులకి తొడిమలు రాలి, కొస మొగ్గ ఉబ్బుతుంది. అప్పుడు నాలుగైదు అంగుళాల పుల్ల కోసి చీలిక అంటు కట్టి (అడుగు మొక్క కాండాన్ని చీల్చి, చెక్కిన పుల్లని అందులో దించి), పారాఫిల్మ్ అనే సాగే మైనపు టేపుతో పుల్ల మొత్తం చుట్టెయ్యాలి. గాలి చొరబడితే పుల్ల ఎండుతుంది. రాత్రి వేడి 65 ఫారెన్‌హీట్ దాటే రోజులు కావాలి, చలిలో కట్టినవి అతకవు. కడియంలో వానాకాలం గాల్లోని తడి సగం పని చేసిపెడుతుంది, కాలిఫోర్నియా పొడిగాలిలో ఆ పని టేపే చెయ్యాలి. అంటు కింద నాలుగు ఆకులైనా ఉంచండి, మొత్తం గొరిగేస్తే వేరుకి తిండి ఉండదు.

గల్ఫ్‌లో విల్లా ఉన్నవాళ్లకి ఉప్పే అసలు శత్రువు. అంతర్వేది పక్క చవుడు నేలలు చూసినవాళ్లకి ఆకు అంచులు మాడిపోవడం కొత్త కాదు. ఇజ్రాయెల్‌లో ఉప్పునీటికీ సున్నపు నేలకీ ఎంచి పెట్టుకున్న 13-1 అనే అడుగు మొక్క ఉంది, దొరికితే అదృష్టం. దొరక్కపోతే రోజూ చెంబెడు పోసేకంటే నాలుగైదు రోజులకోసారి నిండుగా తడిపి ఉప్పుని వేరు కిందకి దించడం మేలు.

హ్యూస్టన్ వాళ్లకి అడుగు మొక్క కంటే మట్టే పెద్ద తంటా. ఆ నల్ల బంకమట్టి మన డెల్టా రేగడికి అన్న. మెట్టలో మామిడి, డెల్టాలో కొబ్బరి ఎందుకయ్యాయో గుర్తు చేసుకోండి. నీరు నిలిచే నేలలో మామిడి వేరు ఊపిరాడక కుళ్లుతుంది. కోనసీమలో మామిడి వేస్తే గట్టు మీదో, దిబ్బ పోసో వేస్తారు. ఇక్కడా అంతే. మీటరు గొయ్యి తీసి పశువుల ఎరువు నింపే మెట్ట అలవాటు బంకమట్టిలో చేస్తే ఆ గొయ్యి కుడితి తొట్టి అవుతుంది. రెండు మూడు అడుగుల ఎత్తు, కనీసం ఆరడుగుల వెడల్పున దిబ్బ పోసి, దాని మీద మొక్క పెట్టండి. అంటు అతుకు మట్టికి పైనే ఉండాలి. చెక్క పొట్టు మూడు నాలుగు అంగుళాలు పరవండి, కాండానికి అడుగు దూరం వదిలి.

చలిని ఆపే అడుగు మొక్క అంటూ లేదు, ఎవరైనా ఉందని అమ్మితే నమ్మకండి. లేత మొక్క 29, 30 డిగ్రీల ఫారెన్‌హీట్‌కే పోతుంది. ముదిరిన చెట్టు కొన్ని గంటలు 25 దాకా ఓర్చుకున్నా ఆకులూ చిన్న కొమ్మలూ మాడతాయి. పూత, పిందె అయితే 40 లోపే దెబ్బతింటాయి. నవంబరులో కాండం చుట్టూ, అతుకు పైదాకా మట్టి ఎగదొయ్యండి. మార్చిలో తీసెయ్యడం మరవద్దు, అలాగే వదిలేస్తే బెరడు కుళ్లుతుంది. మంచు రాత్రి చెట్టు మీద గుడ్డ నేల దాకా కప్పి, లోపల పాతకాలం క్రిస్మస్ బల్బుల దండ వెయ్యండి. ఎల్ఈడీలకి వేడి ఉండదు.

చలికి పైభాగం చచ్చి, వసంతంలో మొదట్లోంచి చిగుళ్లొస్తే చాలామంది సంబరపడతారు. ఆ చిగురు అతుకు పైనుంచా, కిందినుంచా చూడండి. కిందిదైతే అది బంగినపల్లి కాదు, టర్పెంటైన్. మూడేళ్లు నీళ్లు పోసి పెంచాక పీచూ ఘాటు వాసనా ఉన్న కాయలు కోసుకుంటారు. దానికి మళ్లీ అంటు కట్టించుకోవచ్చు, వేరు బలంగానే ఉంటుంది కనుక అదే తెలివైన పని.

మొదటి మూడేళ్లు పూత నిలపకండి. అయితే చలి రోజుల్లో పూతకాడని మొదలంటా తుంచితే పక్క మొగ్గల్లోంచి మళ్లీ పూతే వస్తుంది, చిగురు రాదు. సగానికి కత్తిరించి వదిలి, రాత్రులు వెచ్చబడ్డాక మిగతాది తీసెయ్యండి.

ఊరినుంచి వచ్చేటప్పుడు అంటు పుల్లలో, పెద్ద రసం టెంకలో సామాన్లలో పెట్టుకు రావాలనే ఆలోచన మానండి. టెంక పురుగు మన దగ్గర ఉంది, అమెరికా ప్రధాన భూభాగంలో లేదు. కస్టమ్స్‌లో చెప్పకుండా తెస్తే జరిమానా. బంగినపల్లి, ఇమాంపసంద్, మల్లిక ఫ్లోరిడాలో కొన్ని నర్సరీల దగ్గర అంట్లుగానే దొరుకుతాయి. చిన్న పెరడైతే మల్లిక, అదీ పదడుగులు దాటనివ్వకుండా కోతల తర్వాత కత్తిరించుకుంటూ.