కనుమ రోజు వచ్చింది పాత జబ్బేనా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతాను. రోజూ 8.10 బస్సుకు వెళ్తాను. మూడేళ్ల కిందట కడుపులో మెలిపెట్టడం, బస్సెక్కే లోపే నాలుగుసార్లు మోషన్‌కి పరుగెత్తడం మొదలైంది. కొలనోస్కోపీ, రక్తపరీక్షలు నార్మల్. ఐబీఎస్ (పరీక్షల్లో లోపం కనిపించకపోయినా పేగులు ఇబ్బందిపెట్టే జబ్బు) అన్నారు. ఏడాదిగా రాత్రి అమిట్రిప్టిలిన్ 25 మి.గ్రా., రెండు పూటలా భోజనానికి ముందు ఇంకో మాత్ర వాడుతున్నాను. దాని షీటు ఫొటో పంపుతున్నాను. ఆరు నెలలుగా బాగున్నాను. సంక్రాంతికి అత్తగారింటికి వెళ్తూ మందుల సంచీ మర్చిపోయాను. భోగి, పండగ గడిచాయి. కనుమ నాటికి నిద్ర లేదు, చెమటలు, వికారం, మళ్లీ మోషన్స్. ఇంటికొచ్చి మాత్రలు వేసుకున్నాక రెండు రోజుల్లో సర్దుకుంది. మా అత్తగారు "అవి పిచ్చికిచ్చే మాత్రలట, మానెయ్" అంటున్నారు. మానితే జబ్బు తిరగబెడుతుందని నా భయం. జన్మంతా మింగాల్సిందేనా?
– ఒక టీచర్, తెనాలి

జవాబు: టీచరుగారూ, జన్మంతా అక్కర్లేదు. ఆరు నెలలు నిలకడగా ఉన్నారు కాబట్టి తగ్గించే మాట ఎత్తడానికి ఇది మంచి సమయమే. అయితే ముందు కనుమ సంగతి తేల్చుకుందాం. ఆ భయం ఉన్నంతకాలం ఏ మాత్ర తగ్గించినా మీ కడుపు ఊరుకోదు.

ఐబీఎస్ తిరగబెడితే సాధారణంగా మెల్లగా, మీరెరిగిన పాత రూపంలోనే వస్తుంది. మీకు మూడో రోజుకే వచ్చింది. చెమటలు, నిద్ర పట్టకపోవడం మీ పాత బాధల్లో లేవు. అన్నిటికంటే గట్టి ఆధారం మీరే రాశారు: మాత్ర పడగానే రెండు రోజుల్లో సర్దుకుంది. ఐబీఎస్ మీద అమిట్రిప్టిలిన్ పనిచేయడానికి వారాలు పడుతుంది, రెండు రోజుల్లో అది నయం చేయలేదు. అందుకే నేను దీన్ని మందు ఒక్కసారిగా ఆగినందుకు ఒళ్లు పడిన బాధగానే చూస్తాను.

షీటు ఫొటో పెద్దది చేసి చూశాను. రేకు మీద చిన్న అక్షరాల్లో రెండు పేర్లున్నాయి: క్లోర్‌డయాజిపాక్సైడ్ 5 మి.గ్రా., క్లిడినియం 2.5 మి.గ్రా. క్లిడినియం పేగుల బిగింపు సడలిస్తుంది. క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రం ఆందోళన తగ్గించి మత్తునిచ్చే బెంజోడయాజిపైన్ జాతి మందు, ఒంటికి అలవాటైపోతుంది. మన దగ్గర ఎంతోమంది దీన్ని 'గ్యాస్ మాత్ర' అనుకుని, పాత చీటీ చూపించి నెలల తరబడి తెచ్చుకుంటారు. అందులో ఏముందో వాళ్లకి ఎవరూ చెప్పరు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. కనుమనాటి నిద్రలేమిలో దీని వాటా కూడా ఉండే ఉంటుంది.

అత్తగారికి ఇలా చెప్పండి. డిప్రెషన్‌కి అమిట్రిప్టిలిన్ మామూలుగా 75 మి.గ్రా., అంతకు మించి కూడా ఇస్తారు. పేగులకి ఇచ్చేది 10 నుంచి 30. పేగు గోడల్లో కోట్లకొద్దీ నరాల కణాలున్నాయి, అవి మెదడుతో ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాయి. ఆ మాటల్లో నొప్పి కబురు అతిగా వెళ్తుంటే ఈ మందు దాన్ని తగ్గిస్తుంది. ఇంగ్లండులో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర 463 మంది ఐబీఎస్ పేషెంట్ల మీద జరిపిన పరీక్షలో ఈ చిన్న డోసు ఉత్తుత్తి మాత్ర కంటే బాగా పనిచేసింది. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి.

ఇక తగ్గించడం. మీ డాక్టరుగారితో కూర్చుని మాట్లాడాకే మొదలుపెట్టండి. రెండూ ఒకేసారి తగ్గించొద్దు. తేడా వస్తే ఏ మందు వల్లో తెలియదు. నేనైతే ముందు భోజనం ముందు మాత్ర మీద చెయ్యి వేస్తాను. రెండు పూటలది ఒక పూటకి, కొన్ని వారాలు ఆగి, తర్వాత పూర్తిగా. అది నిలకడగా జరిగాక అమిట్రిప్టిలిన్. 25 మి.గ్రా. బదులు 10 మి.గ్రా. మాత్రలు రెండు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఆపడం. ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు. మధ్యలో నాలుగు రోజులు నిద్ర కలత పడినా, కడుపు కాస్త కదిలినా కంగారుపడొద్దు. తట్టుకోలేనంతగా ఉంటే డాక్టరుకి చెప్పి ఒక మెట్టు వెనక్కి వెళ్లండి, అది ఓటమేం కాదు.

పీజీ రోజుల్లో నాకూ ఇదే జబ్బు. ప్రొఫెసర్ రౌండ్సుకి వచ్చే ముందు బాత్రూం తలుపు దగ్గరే నిలబడేదాన్ని. ఆఖరి 10 మి.గ్రా. మాత్ర ఆపడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఒంటికి దాని అవసరం తీరిపోయింది, దిండు కింద షీటు లేకపోతే నాకే ధైర్యం ఉండేది కాదు. మీకూ ఆ దశ రావచ్చు.

పదో తరగతి పరీక్షలయ్యాక మొదలుపెట్టండి. కానీ మొత్తం వేసవి సెలవుల్లోనే ముగించొద్దు. ఇంట్లో ఉన్న కడుపు వేరు, బస్సులో ఉన్న కడుపు వేరు. ఆఖరి మెట్టు స్కూళ్లు తెరిచి, టైంటేబుల్ కుదురుకున్నాక జూలైలో దిగండి. అప్పుడు బస్సెక్కి దిగిన ప్రతి రోజూ మీకు ధైర్యం ఇస్తుంది.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు కనిపిస్తే మాత్రం ఇది మందు తగ్గించడం వల్లేలే అనుకోకండి, వెంటనే చూపించుకోండి.

ఇంకొకటి. మీ బస్సు 8.10కి. ఎనిమిదికి హడావిడిగా ఇడ్లీ తింటే, తిన్న వెంటనే పేగు కదిలే సహజగుణం వల్ల బస్సులోనే మెలి మొదలవుతుంది. ఏడింటికల్లా తినేయండి. ఆ కదలికేదో ఇంట్లోనే అయిపోతుంది. తర్వాత ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి పైకి లేచేలా నిదానంగా ఊపిరి తీసుకోండి. ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి, మాత్రలు తగ్గించే నాటికి అలవాటై ఉంటుంది.