గోల్‌కీపర్‌గా ఆడితే 35 ఏళ్లు దాటాక ఏం చేస్తాడు?

మల్కాజిగిరి నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. గోల్‌కీపర్. చదువు మానేసి ఫుట్‌బాల్ అకాడమీలో చేరతానంటాడు. 35 దాటాక వాడి గతేమిటి? కోచ్ అవుతాడట. ఇంజనీరింగ్‌తో పోలిస్తే ఇది నిలబడే దారేనా?"

పోలికంటే, మొదటి పదేళ్లు సంపాదనలో ఇంజనీరే ముందుంటాడు. దాచను. పైగా మైదానంలో 11 మంది ఉంటే గోలీ (గోల్‌కీపర్) ఒక్కడే, బెంచీ మీద ఏళ్లు గడవొచ్చు. కానీ గోలీ ఆట ఎక్కువ కాలం సాగుతుంది. ఇటలీ గోల్‌కీపర్ డినో జోఫ్ 1982లో ప్రపంచకప్ అందుకున్నప్పుడు వయసు 40. తర్వాత కోచ్‌గా అదే జట్టును 2000లో యూరో కప్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. అంత దూరమెందుకు, భారత జట్టు గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ మన హైదరాబాద్‌లో పుట్టినవారే. సైన్యంలో ఉద్యోగం చేస్తూ ఆడారు, రెండు ఒలింపిక్స్‌లో మన జట్టులో ఉన్నారు, ఆట ముగిశాక బొకారో ఉక్కు కర్మాగారం అకాడమీలో కుర్రాళ్లకు నేర్పారు. ఆయన్ని ఆడించిన భారత జట్టు కోచ్ రహీం సాబ్ అసలు బడిపంతులు. చదువూ ఆటా కలిసి నడిచిన ఊరండీ ఇది.

నా భయం వేరే. వేలకు వేలు కట్టించుకునే రెసిడెన్షియల్ అకాడమీల మీద నాకు నమ్మకం తక్కువ. గోడల నిండా ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆటగాళ్ల ఫొటోలుంటాయి, గోలీకి విడిగా నేర్పే మనిషి ఉండడు. అందరూ షాట్లు కొట్టడానికి వీణ్ణి పోస్టు ముందు నిలబెట్టి అదే శిక్షణ అంటారు. అలాంటి చోట రెండేళ్లుండి, ఇంటర్ పోగొట్టుకుని వచ్చిన ఒక అబ్బాయి నా ముందు కూర్చున్నాడు. చూపుడువేలు వంకరపోయి ఉంది. విరిగినప్పుడు ఎక్స్‌రే కూడా తీయించలేదట.

కాబట్టి ఇంటర్ మానొద్దు. డిగ్రీలో యూనివర్సిటీ జట్టుకి ఆడొచ్చు, రైల్వే, పోలీసు స్పోర్ట్స్ కోటాకీ చదువు సర్టిఫికెట్ కావాలి. 18 నిండాక ఆడుతూనే కోచింగ్‌కి కావాల్సిన డి లైసెన్సుతో మొదలుపెట్టి సి, బి అంటూ ఎక్కొచ్చు. గోల్‌కీపర్ కోచ్‌లకు ప్రత్యేక లైసెన్సులూ ఉన్నాయి.

ఇక మీకో మాట, కోపం తెచ్చుకోకండి. "గతేమిటి" అని రాశారు గానీ వాడెలా ఆడతాడో ఒక్క ముక్క రాయలేదు. ఒక్క మ్యాచ్ అయినా చూశారా? చుట్టాలేమంటారోనన్న బెంగ వాడి నెత్తిన పెట్టకండి. ఈ ఆదివారం వెళ్లి గోల్‌పోస్టు వెనక నిలబడండి. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు వాణ్ణి చూడండి. డిఫెండర్లను పేరుపెట్టి పిలిచి, ఎవరు ఎక్కడుండాలో సర్దుతున్నాడంటే కోచ్ పని అప్పుడే మొదలైనట్టు. నోరు మెదపట్లేదంటే ముందు అది నేర్చుకోవాలి. చూసొచ్చాక మళ్లీ రాయండి, అప్పుడు వాడి గురించి మాట్లాడుకుందాం.